కెమెరా మార్చాలనుందా చెల్లీ? కాసేపు కూర్చో, మాట్లాడుకుందాం

రియాద్‌లో మన తెలుగు ఆడవాళ్లం నలుగురం ఒకచోట చేరితే, పిల్లల చదువుల ముచ్చట అయ్యాక ఈ మధ్య తప్పకుండా వస్తున్న మాట కెమెరా. సెప్టెంబరు 23న నేషనల్ డే ఆఫర్లు, నవంబరు చివర్లో ఇంకో విడత, రంజాన్ నెలలో మరో విడత. జరీర్ బుక్‌స్టోర్‌కి పిల్లల నోట్‌బుక్కుల కోసం వెళ్తాం, తీరా చూస్తే కెమెరాల అద్దాల ముందు నిలబడి ఉంటాం. "అక్కా, పెళ్లయిన కొత్తలో కొన్న కెనాన్ ఉంది. ఇప్పుడందరూ మిర్రర్‌లెస్ అంటున్నారు, మార్చెయ్యమంటావా?" అని నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలుముక్కలుగా చెప్పేకంటే, తీరిగ్గా అందరికీ ఒకేసారి చెప్పాలనిపించింది. చాయ్ పెట్టుకుని కూర్చో.

ముందు డబ్బు మాట మాట్లాడుకుందాం. ఇక్కడ మన చేతికొచ్చే ప్రతి రియాల్ వెనుక ఎంత కష్టం ఉందో మనకి తెలుసు. 2017 జులైలో డిపెండెంట్ ఫీజు మొదలైంది. తలకి నెలకి 100 రియాళ్లతో మొదలై, ఏటా వంద చొప్పున పెరుగుతూ 2020 నాటికి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి ఏడాదికి 14,400 రియాళ్లు. ఆ బరువు మోయలేక భార్యాపిల్లల్ని ఊరికి పంపేసి, నలుగురు మగవాళ్లతో గది పంచుకుని ఉంటున్న అన్నయ్యలు మనకెంతమంది తెలుసు! దానికి తోడు 2020 జులై నుంచి వ్యాట్ 5 శాతం నుంచి 15 శాతానికి పెరిగింది. అందుకే కెమెరాకి పెట్టే నాలుగైదు వేల రియాళ్లు నాకు చిన్న మాటగా అనిపించవు. అలాగని అది విలాసం అని కూడా నేను అనను. కరీంనగర్‌లోనో కడపలోనో ఉన్న నానమ్మకి మనవరాలి మొదటి పన్ను ఊడిన నవ్వు చేరేది ఫొటోలోనే కదా. ఆ నవ్వు మసకగా ఉంటే నాకు మనసొప్పదు. కాబట్టి కొనాలి, అయితే ఏది అవసరమో తెలుసుకుని కొనాలి.

నేను అందరినీ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. నువ్వు తీయాలనుకుని తీయలేకపోతున్న ఫొటో ఏది? దీనికి జవాబు దొరక్కుండా ఏ కొట్టుకీ వెళ్లకు. "మంచి ఫొటోలు రావట్లేదక్కా" అంటే సరిపోదు. పాత ఫొటోలు తెరిచి, నచ్చనివి పక్కన పెట్టి, ఎందుకు నచ్చలేదో చూడు. మన ఇళ్లలో అయితే దాదాపు ఎప్పుడూ అవే కారణాలు. అద్దెకి తీసుకున్న ఇస్తిరాహా విడిదిలో బతుకమ్మ ఆడుతుంటే ట్యూబులైట్ల వెలుతుర్లో తీసినవి అలుక్కుపోయాయి. స్కూల్ యాన్యువల్ డే నాడు స్టేజీ మీద పాప డాన్సు చేస్తుంటే ఫోకస్ వెనక తెర మీదికి పోయింది. ఇంట్లో పుట్టినరోజు కేక్ కోస్తుంటే ముఖాలన్నీ పసుపు పచ్చగా, గరుగ్గా వచ్చాయి. పగలు ఎండలో తీసినవి మాత్రం, ఆ పాత కెమెరాతోనే, చక్కగా ఉన్నాయి. ఇది చూస్తేనే సగం సంగతి తేలిపోతుంది. ఇబ్బంది ఎక్కువగా వెలుతురు దగ్గర, ఫోకస్ దగ్గర ఉంది. కెమెరా మీద అంటించిన స్టిక్కర్లో పెద్దక్షరాలతో రాసే మెగాపిక్సెళ్ల దగ్గర లేదు.

వెలుతురు సంగతి కాస్త విడమర్చి చెప్తాను, ఎందుకంటే డబ్బు మిగిలేది ఇక్కడే. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్ ఉంటుంది కదా, దాన్ని ముందుకి జూమ్ చేస్తే దాని కన్ను ఎఫ్/5.6 కంటే పెద్దగా తెరుచుకోదు. అదే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ పెడితే, లోపలికి వచ్చే వెలుతురు ఇంచుమించు తొమ్మిదిన్నర రెట్లు. చిన్న వెంటిలేటర్ ఉన్న గదికి పెద్ద కిటికీ పెట్టినట్టే. లెక్కలో చెప్పాలంటే, కిట్ లెన్స్‌తో సెకనులో 15వ వంతు షట్టర్ పెట్టాల్సిన చోట, ఈ లెన్స్‌తో దాదాపు 150వ వంతు పెట్టొచ్చు. 15వ వంతులో చప్పట్లు కొడుతున్న చేతులు పొగలా సాగిపోతాయి. 150వ వంతులో వేళ్లు కనిపిస్తాయి. కెనాన్ పాత కెమెరాలకి సరిపోయే 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎమ్ లెన్స్ 2015లో అమెరికాలో 125 డాలర్లకి వచ్చింది. డాలరుకి 3.75 రియాళ్ల చొప్పున, వ్యాట్ కలుపుకుంటే 540 రియాళ్ల లెక్క. కొత్త కెమెరా ధరలో చాలా చిన్న భాగం అది. అందుకే పాత డీఎస్‌ఎల్‌ఆర్, అంటే లోపల అద్దం ఉండే కెమెరా, బాగా పనిచేస్తూ ఉంటే, ముందు ఈ లెన్స్ కొని రెండు నెలలు వాడి చూడమంటాను. జూమ్ ఉండదు, నిజమే. కాళ్లతో ముందుకీ వెనక్కీ నడవాలి. పైగా చిన్న సెన్సర్ ఉన్న కెమెరా మీద 50 ఎంఎం కాస్త దగ్గరగా చూపిస్తుంది, ఇరుకు హాల్లో పదిమందిని ఒకే ఫొటోలో పట్టాలంటే కుదరదు. దానికి 24 లేదా 35 ఎంఎం వెతుక్కోవాలి. కానీ ఒక ముఖం, ఇద్దరు పిల్లలు, పూలు పేరుస్తున్న చేతులు, వీటికి 50 చాలు.

మరి ఫోన్ లేదా అంటావు. ఉంది, మంచి ఫోన్లే ఉన్నాయి. రాత్రిపూట ఫోన్ వరసగా కొన్ని ఫొటోలు తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి వెలుతురు తెస్తుంది. కొండ, గోడ, దీపం లాంటివి కదలవు కాబట్టి అద్భుతంగా వస్తాయి. చుట్టూ తిరిగి ఆడే ఆడపిల్లలు కదులుతారు, అక్కడే ఫోన్ తడబడుతుంది. నువ్వు తీసేవన్నీ విహారయాత్ర ఫొటోలూ, వంటల ఫొటోలే అయితే కెమెరా మీద డబ్బు పెట్టొద్దని నేను ధైర్యంగా చెప్తాను. ఫోన్‌తోనే సంతోషంగా ఉండు.

మెగాపిక్సెళ్ల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. 24 మెగాపిక్సెళ్లంటే అడ్డం 6000, నిలువు 4000 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన ప్రింటు వేస్తే 20 అంగుళాల వెడల్పు వస్తుంది. మన ఇంట్లో గోడకి అంత పెద్ద ఫొటో ఎన్ని కడతాం? ఏ4 సైజు ప్రింటుకి 9 మెగాపిక్సెళ్లు సరిపోతాయి. 4కే టీవీ మొత్తం చూపించేదే 8 మెగాపిక్సెళ్ల పైచిలుకు. నీ పాత కెమెరా 18 అయితే 24 కోసం మార్చడంలో అర్థం లేదు. 40 కోసం అయితే ఇంకా ఆలోచించు, ఎందుకంటే ఫైళ్లు పెద్దవై కంప్యూటరూ, హార్డ్‌డిస్కూ కూడా మార్చాల్సి వస్తుంది. దూరాన ఉన్న పక్షిని తీసి, ఫొటోలో చుట్టూ కత్తిరించుకోవాలనుకునేవాళ్లకి మాత్రం అన్ని చుక్కలూ పనికొస్తాయి.

ఇక మిర్రర్‌లెస్. దీని వల్ల నిజంగా లాభం ఉందా అంటే, ఉంది. ఆ లాభం పేరు ఫోకస్. డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం పైనుంచి మనం బొమ్మ చూస్తాం, ఫోకస్ చేసే భాగం వేరే చోట ఉంటుంది, అది చూసేది కొన్ని చుక్కల్ని మాత్రమే. పాత చవక మోడళ్లలో ఆ చుక్కలు తొమ్మిదో, పదకొండో ఉంటాయి, అవి కూడా ఫ్రేము మధ్యలోనే. మిర్రర్‌లెస్‌లో ఫొటో తీసే సెన్సరే ఫోకస్ కూడా చూసుకుంటుంది, కాబట్టి మనిషి కన్ను ఎక్కడుందో గుర్తుపట్టి, మూలకి పరిగెత్తినా వదలకుండా పట్టుకుంటుంది. నడక నేర్చుకుంటున్న బాబు ఉన్న తల్లికి ఇంతకంటే పెద్ద వరం కెమెరాలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఇంకో సంగతి, 2020 తర్వాత కెనాన్, నికాన్ రెండూ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ తేలేదు. కొత్త లెన్సులు, కొత్త తెలివి అంతా మిర్రర్‌లెస్ వైపే పోతోంది. కాబట్టి ఇప్పుడు కొత్త పెట్టెలో డీఎస్‌ఎల్‌ఆర్ కొనొద్దు. ఉన్నది ఉంటే వాడుకో, వాటి లెన్సులు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతున్నాయి.

పాత లెన్సులేం చేయాలి? కెనాన్ వాళ్లు ఈఎఫ్ లెన్సుల్ని కొత్త ఆర్ఎఫ్ కెమెరాకి తగిలించే అడాప్టర్ అమ్ముతారు, ఫోకస్‌తో సహా బాగా పనిచేస్తుంది. నికాన్‌కి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ ఉంది, కానీ జాగ్రత్త, ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లాంటి లోపల మోటారు ఉన్న లెన్సులకే ఆటో ఫోకస్ వస్తుంది, పాత ఏఎఫ్-డీ లెన్సులకి చేత్తో తిప్పుకోవాల్సిందే. పెళ్లికి నాన్నగారు కొనిచ్చిన లెన్స్ లాంటిది నీ దగ్గరుంటే, కొట్టుకి వెళ్లేటప్పుడు దాన్ని సంచిలో పెట్టుకెళ్లు. అడాప్టర్ పెట్టించి, అక్కడే రెండు ఫొటోలు తీసి చూడు. బ్రాండు ఎంచుకోవడానికి నేను పెద్ద సిద్ధాంతాలేవీ చెప్పను. ఇంట్లో లెన్సులు ఏ కంపెనీవి ఉంటే ముందు ఆ కంపెనీ చూడమంటాను. ఏమీ లేకపోతే సోనీ వైపు కూడా చూడు, దానికి సిగ్మా, టామ్రాన్ లాంటి వేరే కంపెనీల లెన్సులు చాలా కాలంగా చవకలో దొరుకుతున్నాయి. కెనాన్ ఆర్ఎఫ్‌కి అలాంటివి 2024 నుంచే మెల్లగా వస్తున్నాయి.

పేర్లు చెప్పక్కా అని నువ్వు అడుగుతావని తెలుసు. చేతికి తేలిగ్గా, మొదటిసారి మారేవాళ్లకి కెనాన్ ఈఓఎస్ ఆర్50. 2023లో వచ్చింది, 24 మెగాపిక్సెళ్లు, బ్యాటరీ, కార్డుతో కలిపి 375 గ్రాములే. చంకలో పాప, భుజానికి డైపర్ల సంచి ఉన్నప్పుడు ఆ తేలిక విలువ తెలుస్తుంది. పాత 700డీ 580 గ్రాములు ఉండేది. ఆర్50 కిట్ లెన్స్‌తో అమెరికాలో 800 డాలర్ల దగ్గర విడుదలైంది. మన లెక్కకి మార్చి 15 శాతం వ్యాట్ కలిపితే సుమారు 3,450 రియాళ్లు. కొట్టులో ధర చూసేటప్పుడు ఈ లెక్క వేసుకో, ఆఫర్ అన్నది నిజంగా ఆఫరో కాదో ఇట్టే తెలిసిపోతుంది. దానికి లోపాలూ ఉన్నాయి. దుమ్ము లోపలికి పోకుండా సీలింగ్ లేదు, బాడీలో చేతి వణుకుని ఆపే ఏర్పాటు లేదు. ఆ రెండూ కావాలంటే సోనీ ఏ6700, కెనాన్ ఆర్7 లాంటివి చూడాలి. వాటి ధర ఒక మెట్టు పైనే ఉంటుంది. నికాన్ జెడ్50 కొత్త రకం, అంటే 2024లో వచ్చినది, 550 గ్రాములు ఉన్నా పట్టు బాగుంటుంది, పెద్ద చేతులున్నవాళ్లకి నప్పుతుంది.

చేతి వణుకుని ఆపే స్టెబిలైజేషన్ గురించి అమ్మేవాళ్లు చాలా గొప్పగా చెప్తారు. అది మన చేతి కదలికనే సరిచేస్తుంది. ఎదుటివాళ్లు కదిలితే దానికేం సంబంధం లేదు. సాయంత్రం మసక వెలుతుర్లో అల్-ఉలా కొండల్ని స్టాండు లేకుండా తీయాలంటే అది వరం. బతుకమ్మ ఆటకి మాత్రం పెద్ద కన్నున్న లెన్సే కావాలి. ఈ తేడా తెలిస్తే వెయ్యి రియాళ్లు మిగిలినా మిగలొచ్చు.

ఫుల్ ఫ్రేమ్ అనే మాట కూడా వింటుంటావు. సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే ఫుల్ ఫ్రేమ్. మనం చెప్పుకున్నవన్నీ దానికంటే చిన్న సెన్సర్లు, వైశాల్యంలో సగం కంటే కొంచెం తక్కువ. పెద్ద సెన్సర్ చీకట్లో ఇంకా శుభ్రంగా చూపిస్తుంది, నిజమే. కానీ దాని లెన్సులు బరువు, ఖరీదు. ఫొటోలు తీసి డబ్బు సంపాదించే ఆలోచన ఉంటే తప్ప, ఇంటి ఫొటోలకి ఫుల్ ఫ్రేమ్ అక్కర్లేదని నా తీర్పు. ఆ తేడా డబ్బుతో రెండు మంచి లెన్సులు వస్తాయి.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సిన సంగతికి వచ్చాం. మనం ఉండేది ఇసుక దేశంలో. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడో, అమెరికాలో ఉన్న ఆడపడుచో చెప్పే కెమెరా సలహాలో ఈ ముక్క ఉండదు. మార్చి నుంచి మే వరకు రియాద్ మీద దుమ్ము ఎలా లేస్తుందో నీకు వేరే చెప్పాలా? బాల్కనీ తుడిచిన గంటకే వేలితో పేరు రాయొచ్చు. ఆ సన్నటి దుమ్ము జూమ్ లెన్స్ సందుల్లోకి పోతే తిప్పినప్పుడల్లా కరకరమంటుంది. సెన్సర్ మీద పడితే ప్రతి ఫొటోలో ఆకాశంలో మచ్చలు. సీలింగ్ ఉన్న కెమెరాకి కూడా సీలింగ్ ఉన్న లెన్స్ తోడుంటేనే ఫలితం, ఒక్క బాడీకి ఉంటే చాలదు. వారం వారం ఎడారికి, క్యాంపింగ్‌కి వెళ్లే కుటుంబమైతే ఆ అదనపు ఖర్చు పెట్టమనే అంటాను. ఏడాదికి ఒకసారి వెళ్లేవాళ్లకి జాగ్రత్త చాలు.

జాగ్రత్త అంటే ఏంటంటే, ఎడ్జ్ ఆఫ్ ది వరల్డ్‌కి వెళ్తున్నావనుకో, రియాద్ నుంచి వాయవ్యంగా దాదాపు వంద కిలోమీటర్లు, చివర్లో కచ్చా దారి. ఇంట్లోనే ఏ లెన్స్ కావాలో తేల్చుకుని తగిలించి బయల్దేరు. అక్కడ కొండ అంచున గాలిలో లెన్స్ మార్చొద్దు. తప్పనిసరైతే కారు అద్దాలు మూసి, ఏసీ గాలి ఆపి, కెమెరా ఆఫ్ చేసి, దాని నోరు కిందికి పెట్టి మార్చు. లెన్స్ మీద ఇసుక పడితే చున్నీతో తుడవకు, అబాయా కొంగుతో అసలే వద్దు. ఇసుక రేణువు గాజుని గీస్తుంది. ముందు చేత్తో నొక్కే రబ్బరు బ్లోయర్‌తో ఊది, ఆ తర్వాతే మెత్తటి బట్ట. నోటితో ఊదితే తుంపర పడుతుంది. బ్లోయర్, బట్ట, లెన్స్ ముందు పెట్టే ఫిల్టర్, ఈ మూడూ కెమెరా కొన్న రోజే బిల్లులో వేయించుకో.

వేడి ఇంకో శత్రువు. చాలా కెమెరాల మాన్యువల్లో 40 డిగ్రీల వరకే అని రాసి ఉంటుంది. మన జులై మధ్యాహ్నం 45 దాటుతుంది. ఎండలో నిలబెట్టిన కారు లోపల ఇక చెప్పనక్కర్లేదు. కెమెరాని కార్లో వదిలేసి మాల్‌లోకి వెళ్లొద్దు. 4కే వీడియో చాలాసేపు తీస్తే కొన్ని కెమెరాలు వేడెక్కి వాటంతటవే ఆగిపోతాయి, మన ఎండలో అది ఇంకా తొందరగా జరుగుతుంది. జెద్దా, దమ్మామ్, జుబైల్‌లో ఉండే చెల్లెళ్లకి ఇంకో చిక్కు, ఉక్కపోత. ఏసీ గదిలోంచి సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్లగానే లెన్స్ మీద ఆవిరి కమ్ముతుంది. సంచి జిప్పు తెరవకుండా అరగంట బయటి వేడికి అలవాటు పడనిస్తే ఆవిరి పట్టదు. సిలికా జెల్ పొట్లాలు నాలుగు ఆ సంచిలో ఎప్పుడూ ఉండాలి.

1861లో మదీనా పట్టణాన్ని మొదటిసారి ఫొటో తీసినాయన ముహమ్మద్ సాదిక్ బే, ఈజిప్టు సైన్యంలో అధికారి. గాజు పలకలు, రసాయనాల సీసాలు మోసుకుంటూ ఈ ఎండల్లోనే వచ్చాడు. తర్వాత మక్కా కూడా తీశాడు. ఆ కష్టం తలుచుకుంటే, మన 375 గ్రాముల కెమెరాని కాపాడుకోవడం ఎంత పని చెప్పు.

వీడియో గురించి క్లుప్తంగా. పిల్లల డాన్సు మొత్తం ఆపకుండా తీయాలనుకుంటే, ఒకేసారి ఎంతసేపు రికార్డు చేస్తుందో అడుగు. పాత కెమెరాలు చాలావాటికి అరగంటలోపు ఆగిపోయే పరిమితి ఉండేది. 4కే వీడియో సాధారణంగా గంటకి 45 జీబీ దాకా తినేస్తుంది, కాబట్టి వీ30 అని రాసి ఉన్న 128 జీబీ కార్డు తీసుకో. కార్డు మాత్రం పేరున్న కొట్టులోనే కొను. నకిలీ కార్డులు ఎక్కడైనా ఉంటాయి, పోయేది పిల్లల బాల్యం.

ఇంకా ముఖ్యమైన మాట, చట్టం. ఈ దేశం చాలా మారింది. కెమెరా ఉన్న ఫోన్లనే ఇక్కడ నిషేధించిన రోజులున్నాయి, 2004 చివర్లో ఆ నిషేధం ఎత్తేశారు. 2019 సెప్టెంబరులో టూరిస్టు వీసాలు మొదలయ్యాక ఎక్కడ చూసినా కెమెరాలే. అయినా, అదే సమయంలో అమల్లోకి వచ్చిన పబ్లిక్ డీసెన్సీ నియమాల ప్రకారం మనుషుల్ని వాళ్ల అనుమతి లేకుండా ఫొటో తీస్తే 1,000 రియాళ్ల జరిమానా, మళ్లీ చేస్తే 2,000. ఎవరి ఏకాంతాన్నైనా కెమెరాతో భంగపరిస్తే 2007 సైబర్ నేరాల చట్టం కింద ఏడాది వరకు జైలు, 5 లక్షల రియాళ్ల వరకు జరిమానా. సౌదీ పెళ్లికి పిలిస్తే ఆడవాళ్ల హాల్లోకి కెమెరా పట్టుకెళ్లొద్దు. పార్కులో మన పాపని తీస్తుంటే వెనకాల వేరే కుటుంబం పడుతోందేమో చూసుకో. చెక్‌పోస్టులు, సైనిక స్థావరాలు, రాజభవనాల వైపు లెన్స్ తిప్పకు. మనవాళ్ల బతుకమ్మలో కూడా అంతే, ఇంకొకరి ఆడపిల్ల ఫొటో గ్రూపులో పెట్టే ముందు వాళ్లమ్మని అడుగు. జూమ్ లెన్స్ ఎంత దూరం చూసినా, అడిగి తీసిన ఫొటోకి వచ్చే నవ్వు దానికి రాదు.

కొట్టుకి నువ్వే వెళ్లు చెల్లీ. ఇది మాత్రం నా మాట విను. ఆయన ఆఫీసు నుంచి వస్తూ తెచ్చేస్తానంటే వద్దను. ఆయనకి రివ్యూలు తెలుసేమో, నీ చేతి సైజు నీకే తెలుసు. పట్టుకుని చూడు, చూపుడు వేలు షట్టర్ బటన్‌కి అందుతోందా, బొటనవేలికి చోటుందా, తెర మీద అక్షరాలు నీకు కనిపిస్తున్నాయా, అరబిక్ నుంచి ఇంగ్లీషుకి మార్చుకోవడం తెలుస్తోందా. నీ పాత కార్డు పెట్టి ఫొటో తీసి ఇంటికి తీసుకెళ్లి చూస్తానంటే మంచి కొట్టువాళ్లు కాదనరు. వారంటీ కార్డు సౌదీదా, ఇంకో దేశందా అడుగు. బయటి దేశం సరుకు కాస్త చవకగా వస్తుంది, కానీ పాడైతే ఇక్కడి సర్వీసు సెంటర్ వాళ్లు "మేం చేయం" అనొచ్చు. మనం ఎగ్జిట్ కొట్టించుకుని ఇండియా వెళ్లిపోతే ఆ వారంటీ అక్కడ చెల్లుతుందా అన్నది కూడా ఇప్పుడే అడగాలి. సెకండ్ హ్యాండ్ కొంటే ఎన్ని వేలసార్లు షట్టర్ కొట్టిందో చూపించమను, లెన్స్‌ని వెలుతురుకి ఎత్తి బూజు ఉందేమో చూడు, జూమ్ తిప్పి చెవి దగ్గర పెట్టుకుని ఇసుక చప్పుడు విను.

బిల్లు పారేయొద్దు. ఇండియా వెళ్లేటప్పుడు కస్టమ్స్ వాళ్లు అడిగితే ధర చూపించడానికి అదే ఆధారం. అక్కడి నుంచి ఖరీదైన కెమెరా ఇక్కడికి తెచ్చుకునేవాళ్లు, బయల్దేరే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే తిరిగి వెళ్లేటప్పుడు సుంకం గొడవ ఉండదు.

కెమెరాలంటే మగవాళ్ల సామాను అనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. రీమ్ అల్ ఫైసల్ అనే సౌదీ ఆవిడ నలుపు తెలుపులో తీసిన హజ్ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. మన హోమై వ్యారావాలా స్వాతంత్య్రం వచ్చిన రోజుల్ని ఫొటోల్లో దాచి ఇచ్చింది, 2011లో పద్మవిభూషణ్ అందుకుంది. ఆడది కెమెరా పట్టుకుంటే దొరికే చోట్లు వేరు. వంటింట్లో ఉగాది పచ్చడి కలుపుతున్న అత్తగారు, తల దువ్వించుకుంటూ ఏడుస్తున్న చిన్నది, నెలలు నిండిన స్నేహితురాలి సీమంతం, వీటి దగ్గరికి మనమే వెళ్లగలం. వరంగల్లు భరత్ భూషణ్ గారు తెలంగాణ ఇళ్లనీ, బతుకమ్మలనీ ఫిల్ము రోజుల్లోనే ఎంత ప్రేమగా తీశారో చూడు. రీలుకి ముప్పై ఆరు ఫొటోలే ఉన్న కాలం అది. మనకి ఇప్పుడు లెక్కలేనన్ని తీసే వీలుంది కాబట్టి, ఆటోలో వదిలేయకుండా రోజుకొక సెట్టింగు మార్చి నేర్చుకో. షట్టర్ స్పీడు, లెన్స్ కన్ను, ఐఎస్‌ఓ, ఈ మూడూ అర్థమైన రోజు పాత కెమెరా కూడా కొత్తగా పనిచేస్తుంది. అప్పటికీ అది చాలట్లేదు అనిపిస్తే, కొత్తది కొనడానికి నీకు హక్కుంది, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

నా సలహా మొత్తం ఇదే. కెమెరా పదేళ్ల లోపుదై, ఎండలో బాగా తీస్తుంటే, ముందు లెన్స్. పరిగెత్తే పిల్లలుండి, ఫోకస్ దొరక్క విసిగిపోతుంటే, తేలికైన మిర్రర్‌లెస్. ఎడారి ఎక్కువ తిరిగితే సీలింగ్ ఉన్నది. మెగాపిక్సెళ్ల కోసం, పక్కింటావిడ కొందని, ఆఫర్ అయిపోతుందని మాత్రం వద్దు. ఆఫర్లు మళ్లీ వస్తాయి.

చివరగా ఇంకొకటి అడుగుతాను, కాదనకు. మన ఇళ్లలో ఫొటోలన్నీ తిరగేస్తే తల్లి కనిపించదు, తీసింది ఆవిడే కాబట్టి. కెమెరాలో పది సెకన్ల టైమర్ ఉంది, స్టాండు లేకపోతే డైనింగ్ టేబుల్ మీద పుస్తకాలు పేర్చి పెట్టు, లేదా పెద్దాడి చేతికిచ్చి నేర్పించు. నెలకి ఒక్క ఫొటోలోనైనా పిల్లల పక్కన నువ్వుండాలి. తీసినవాటిలో మంచివి వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపు. ఏడాదికి ఒకసారైనా యాభై ఫొటోలు ప్రింటు వేయించి, ఊరెళ్లే వాళ్లెవరితోనైనా అమ్మకి, అత్తకి పంపించు. వాళ్లకి ఫోన్లో పాస్‌వర్డులు గుర్తుండవు చెల్లీ, ఆల్బమ్ అయితే రోజూ తెరుస్తారు.